తాతల రాళ్ళకు ఫోటోలు

పోస్టు పెద్దదే. తీరిక దొరికినప్పుడు చదవండి, కానీ సగంలో ఆపకండి. సగం తర్వాతే అసలు పనికొచ్చే విషయం ఉంది.

మేము నలుగురం. డిగ్రీ చదువుతున్నాం. ఇద్దరిది పినపాక వైపు, ఒకరిది తాడ్వాయి వైపు, ఇంకొకరిది చింతూరు వైపు. హాస్టల్లో ఉన్నప్పుడు తలా కొంత వేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాం. మొదట్లో పక్షులు, వాగులు, పండగల్లో కొమ్ము నాట్యం, ఇవే తీసేవాళ్ళం. పాత సమాధుల దగ్గరికి పోవాలనే ఆలోచన చరిత్ర మీద ప్రేమతో వచ్చింది కాదు. నిజం చెప్పాలంటే పొద్దున మంచులో ఆ రాళ్ళు ఫోటోకి బాగుంటాయని పోయాం.

పోయిన మొదటి రోజే తిట్లు తిన్నాం. జానంపేట దగ్గర కాదు, మా వాళ్ళ గూడెం పక్కన, చింతచెట్ల కింద నిలబెట్టిన రాళ్ళ దగ్గర. మావాడు కింద పడుకుని కోణం చూసుకుంటుంటే పశువులు తోలుకుపోతున్న తాత ఆగి అడిగాడు: "ఎవర్ని అడిగి తీస్తున్నర్రా? మీదే గట్టు?" ఒకరు మూడో గట్టు అన్నాం, ఒకరు ఐదో గట్టు అన్నాం. "ఈ రాళ్ళు ఏ గట్టోళ్ళవో ఎరికేనా?" అన్నాడు. ఎరిక లేదు. "పేరు ఎరికలేని ముసలోళ్ళకు ఫోటోలు తీసుడేంది?" అని గొడ్లను అదిలించుకుంటూ పోయాడు. ఆ రోజు కెమెరా సంచిలో పెట్టేశాం. ఆ తాత మాటకు జవాబు వెతుక్కుంటూ రెండేళ్ళుగా తిరిగిందే ఈ పోస్టు.

ముందు చాలా పాత రాళ్ళ సంగతి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలం జానంపేటలో, గుండాల మండలం దొంగతోగు అడవిలో, ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయిలో, ఇలా గోదావరి కుడి ఒడ్డు అడవుల పొడుగునా రాతి సమాధులున్నాయి. చుట్టూ బండరాళ్ళ వలయం. మధ్యలో నిలువుగా పాతిన పలకరాళ్ళు నాలుగు వైపులా గోడల్లాగా ఉంటాయి. వాటి మీద ఒకే ఒక పెద్ద కప్పురాయి. కొన్నింటిలోకి వంగి చూస్తే రాతిని తొలిచి చేసిన తొట్టి కనిపిస్తుంది, పశువులకు కుడితి పోసే తొట్టిలాగే. అందులో చనిపోయినవాళ్ళ ఎముకలు, కుండలు పెట్టేవాళ్ళు. ఇవి ఇనుప యుగం నాటివని, సుమారు మూడు వేల ఏళ్ళ నుంచి రెండు వేల ఏళ్ళ కిందటి మధ్యకాలంలో కట్టినవని పురావస్తు వాళ్ళ లెక్క. జానంపేట చోటు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మిగతా చాలా వాటికి రక్షణ లేదు, బోర్డు కూడా లేదు.

కప్పురాయి కింద నిలబడి పైకి చూస్తే ఎవరికైనా ఒకే ప్రశ్న వస్తుంది, దీన్ని ఎట్లా ఎత్తారు అని. జేసీబీ లేదు, క్రేను లేదు. బండ మీద నిప్పు పెట్టి, నీళ్ళు పోసి పలకలుగా లేపడం, దుంగల మీద దొర్లించడం, మట్టి వాలు కట్టి పైకి నెట్టడం, ఇట్లాంటి పద్ధతులే అయి ఉంటాయి. అంటే ఒక మనిషి చనిపోతే ఊరంతా, పక్క ఊళ్ళు కూడా, రోజుల తరబడి పని చేశాయి. అంతమందికి అన్నం పెట్టేంత గింజ ఉండాలి, చెప్పిన మాట వినేంత ఐక్యత ఉండాలి. మరి ఇక్కడి జనం వీటిని ఏమంటారు? రాకాసి గుళ్ళు. మనుషులు ఎత్తలేరు కాబట్టి రాకాసులు ఎత్తారని. ఈ మాట మా ఇళ్ళలో కూడా వాడేవాళ్ళం. ఇప్పుడు మాత్రం నోట్లోకి వస్తే గొంతుకు అడ్డం పడుతోంది. అడవిలో ఉన్న గొప్ప పనిని మనుషులు చేశారని ఒప్పుకోవడానికి మనసు రాని వాళ్ళు ఎవరో పెట్టిన పేరులాగే అనిపిస్తుంది.

పేరు తప్పు పెట్టింది ఒక్క మన పక్కవాళ్ళే కాదు. 1868లో ముల్‌హెరన్ అనే సర్వే అధికారి గోదావరి అడవుల్లో ఈ రాళ్ళను చూసి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి రాశాడు. కొన్ని సమాధుల పక్కన చేతులు చాచినట్టున్న రాతి బొమ్మలున్నాయి. కాళ్ళు లేవు, తల, చాచిన రెండు చేతులు, నిలువు మొండెం. మల్లూరు, కాటాపూర్ వైపు ఉన్నవి అట్లాంటివే. జేమ్స్ ఫెర్గుసన్ అనే స్కాట్లండ్ పండితుడు 1872లో అచ్చేసిన పుస్తకంలో వీటి బొమ్మలు వేసి, ఇవి క్రైస్తవుల సిలువలు అయి ఉంటాయన్నాడు. తర్వాత తెలిసిందేమంటే అవి మనుషుల బొమ్మలు. కొన్నింటికి స్తనాలు చెక్కి ఉన్నాయి, అంటే ఆడమనిషి. సిలువకు స్తనాలుంటాయా? దగ్గరికి పోయి, వెలుగు పక్క నుంచి పడేటప్పుడు చూస్తే అర్థమయ్యే సంగతి అది. మిట్టమధ్యాహ్నం చూస్తే ఆ చెక్కుడు కనిపించదు, ఇది మేము ఫోటోలు తీసి తెలుసుకున్నాం.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ మూడు వేల ఏళ్ళ సమాధులు కట్టినవాళ్ళు మన కోయవాళ్ళే అని గ్రూపులో కొందరు రాస్తున్నారు. మాకూ అనుకోవాలని ఉంది. కానీ దానికి రుజువు లేదు. రాయి మీద పేరు లేదు, ఏ భాష మాట్లాడారో తెలియదు. రుజువు లేనిది గట్టిగా అంటే, రేపు రుజువు ఉన్నది చెప్పినా ఎవరూ నమ్మరు. రుజువు ఉన్నది ఏమిటంటే, చనిపోయినవాళ్ళకు రాయి నిలబెట్టే పద్ధతి మన దగ్గర ఇంకా బతికే ఉంది. అది చిన్న విషయం కాదు.

పాత రాతల్లో చూడండి. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870ల నుంచి ఇండియన్ ఆంటిక్వరీ అనే పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయవాళ్ళ గురించి రాశాడు. చావు దగ్గర ఆవునో ఎద్దునో కోయడం, దాని తోక చనిపోయినవాళ్ళ చేతిలో పెట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల పుస్తకం వేసినప్పుడు కెయిన్ మాటల్నే వాడుకున్నాడు. కెయిన్ మతం మార్చడానికి వచ్చినవాడు, మనల్ని పైనుంచి కిందికి చూసే రాస్తాడు, ఆ కోపం చదివేటప్పుడు వస్తుంది. అయినా ఆయన రాసింది మా ఊరి ముసలవ్వకు చదివి వినిపిస్తే "అవును, మా అయ్యకు అట్లనే చేసిన్రు" అంది. బస్తర్‌లో మన చుట్టాలు మరియావాళ్ళు నిలబెట్టే రాళ్ళను ఉరస్కల్ అంటారు. కల్ అంటే రాయి, మీకు చెప్పక్కర్లేదు. దంతెవాడ దగ్గర గామవాడలో రోడ్డు పక్కనే వరసగా నిలబడి ఉంటాయి. సరిహద్దు ఇటువైపు గుత్తికోయ గుంపుల్లోకి పోతే కొత్తగా పాతిన రాళ్ళు, రంగులు వేసిన స్తంభాలు కనిపిస్తాయి. ఊరు వదిలి వచ్చినవాళ్ళు కూడా రాయి వదల్లేదు.

మరి రాయి ఏ గట్టుదో, ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? డోలివాళ్ళకు. వాళ్ళ దగ్గర పడిగె ఉంటుంది, బొమ్మలు గీసిన గుడ్డ. ఆ గట్టు ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ ఆగింది, ఇలవేల్పు ఏది, అన్నీ ఆ బొమ్మల్లో ఉంటాయి. చావు దినాల్లో వాళ్ళు డోలు కొట్టి వంశం పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆయన ఆ విద్యవాడే. 2024లో ఆయన కాలం చేశారు. ఆయన గొంతులో ఉన్న పాటల్లో ఎన్ని మనం రికార్డు చేసుకున్నాం అని ఎవరైనా అడిగితే తల దించుకోవాల్సిందే. ఫోటో రాయిని చూపిస్తుంది గానీ రాయి పేరు చెప్పదు. అందుకే రెండోసారి పోయినప్పుడు కెమెరా ముందు బయటికి తీయలేదు. ఊరి పెద్దను, డోలి మామను అడిగాం. వాళ్ళు ముందు సాక పోయమన్నారు. పోశాం. తర్వాత ఒక్కో రాయి దగ్గర నిలబడి ఇది ఫలానా వాళ్ళ తాతది, ఇది పులి పట్టినవాడిది, ఇది పెద్ద రోగం వచ్చినప్పుడు ఒకే వారంలో పోయిన అన్నదమ్ములది అని చెప్పుకుంటూ పోయాడు మామ. మేము నోట్‌బుక్‌లో రాసుకున్నాం. రెండు రాళ్ళ దగ్గర మాత్రం "ఇవి తీయొద్దు" అన్నారు. ఎందుకని అడగలేదు. తీయలేదు.

మనల్ని ఫోటో తీసినవాళ్ళు ఇట్లా అడిగారా అన్నది వేరే కథ. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం "ద పీపుల్ ఆఫ్ ఇండియా" అని ఎనిమిది సంపుటాలు తెచ్చింది. దేశంలోని జాతులన్నిటినీ నిలబెట్టి ఫోటోలు తీయించి, కింద ఈ జాతి గుణం ఇట్లాంటిది అని రాయించింది. ఏ ఫోటోలో మనిషికీ ఇష్టం ఉందా అని అడిగి ఉండరు. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ వచ్చాడు. ఆస్ట్రియావాడు. యుద్ధం రోజుల్లో శత్రుదేశం మనిషి కింద లెక్కగట్టి నిజాం రాజ్యంలోనే ఉండమంటే, ఆ కాలంలో చెంచులతో, కొండరెడ్లతో, గోండులతో గడిపాడు. 1943, 1945, 1948లో ముగ్గురి మీద మూడు పుస్తకాలు వచ్చాయి. ఆయన తీసిన వేల ఫోటోలు లండన్‌లో ఉన్నాయి. మా అభిప్రాయంలో ఆయన కెయిన్ లాంటివాడు కాదు, ఊళ్ళో ఉన్నాడు, గూడు కట్టుకున్నాడు. అయినా ఆ ఫోటోలు మన గూడేల్లో లేవు కదా. ఆయన భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన అస్థికలు కూడా 2012లో తెచ్చి పక్కనే పెట్టారు. మార్లవాయి గోండులు ఏటా జనవరి 11న అక్కడికి పోతారు. బయటివాడి సమాధికి మనవాళ్ళు చూపే మర్యాద చూస్తే, మన తాతల రాళ్ళ మీద నడిచిపోయే బయటివాళ్ళు గుర్తొస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఫోటోల పని సరదా నుంచి వేరేగా మారింది అటవీ హక్కుల చట్టం చదివిన రోజు. చట్టం 2006ది, నిబంధనలు 2008 జనవరి 1న వచ్చాయి. అందులో 13వ నిబంధన సాక్ష్యాల గురించి. పట్టా కాగితం ఒక్కటే సాక్ష్యం అని మనల్ని నమ్మించారు. కాదు. ఒక చోట జనం చాలాకాలంగా ఉన్నారని చూపించే పాత కట్టడాలు, అంటే బావులు, సమాధి స్థలాలు, పవిత్ర స్థలాలు సాక్ష్యంగా పనికొస్తాయని ఆ నిబంధనలో నేరుగా ఉంది. సామూహిక హక్కుల కింద కూడా పవిత్రమైన చెట్లు, తోపులు, చెరువులతో పాటు శ్మశానాలు లెక్కలోకి వస్తాయి. హక్కు అడిగేవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాతలో పెడితే అదీ సాక్ష్యమే. డోలి మామ ఒక్కో రాయి దగ్గర చెప్పింది అదే కదా!

అయితే జాగ్రత్త, ఫోటో ఒక్కటి పెడితే అయిపోదు. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు ఉండాలి. గ్రామసభ తీర్మానం కావాలి. అటవీ హక్కుల కమిటీ వచ్చి చోటు చూసి రాసుకోవాలి. వ్యక్తిగత హక్కుకు 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి సాగులోనో నివాసంలోనో ఉండాలి. రాళ్ళ ఫోటోలు, పెద్దల మాట, పాత పన్ను రసీదో ఓటరు జాబితానో, ఇవి కలిస్తే ఫైలుకు బలం వస్తుంది. మా పక్క గూడెం సామూహిక హక్కుల దరఖాస్తుకు మేము తీసిన ఫోటోలు, పేర్ల జాబితా, చేతితో గీసిన పటం జత చేశారు. ఇంకా తేలలేదు. తేలినాక ఇక్కడే రాస్తాం.

చింతూరు వైపు సంగతి ఇంకా తొందరది. 2014లో భద్రాచలం డివిజన్‌లోని మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, పోలవరం కోసం. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. 41.15 మీటర్ల దాకా మొదటి దశ అంటున్నారు. కూనవరం, వీఆర్ పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు, దేవీపట్నం, ఈ మండలాల్లో గూడేలు లేచిపోతున్నాయి, కొన్ని లేచిపోయాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చినప్పుడు ఇళ్ళు ఎట్లా మునిగాయో మనమందరం చూశాం. ఇళ్ళకు లెక్క ఉంది, చెట్లకు లెక్క ఉంది. సమాధులకు? 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్లో, కొత్త కాలనీలో ఆయా కులాల, తెగల పద్ధతికి తగినట్టు శ్మశానం ఇవ్వాలని ఉంది. అంటే రేపు చనిపోయేవాళ్ళకు చోటు ఇస్తారు. ఇప్పటికే రాళ్ళ కింద ఉన్నవాళ్ళ మాట అందులో లేదు. మాలో చింతూరు వైపు వాడి మేనత్త కాలనీకి పోయేముందు తన మామ రాయిని ఎడ్లబండి మీద తీసుకుపోవాలని చూసింది. ఊరి పెద్దలు వద్దన్నారు, రాయి ఒక్కటే పోతే వచ్చేది రాయి మాత్రమే అని. ఆమె రాయి కింద పిడికెడు మట్టి కట్టుకుని పోయింది. ఆ రాయి ఫోటో మావాడు తీశాడు. ఆ చోటు వానాకాలంలో ఇప్పుడు నీళ్ళ కింద ఉంటుంది.

మీ ఊళ్ళలో తీయాలనుకునేవాళ్ళకు మేము తప్పులు చేసి నేర్చుకున్నవి చెబుతాం. పొద్దున ఏడు లోపు, సాయంత్రం అయిదు తర్వాత తీయండి. వెలుగు అడ్డంగా పడి గీతలు, చెక్కుళ్ళు లేచి కనిపిస్తాయి. ఆకు రాలే కాలం మంచిది, మాఘం నుంచి చైత్రం దాకా. ప్రతి రాయికి నాలుగు వైపులా ఒక్కోటి, దూరం నుంచి చెట్టూ గుట్టా కలిపి ఒకటి. పక్కన కొలత తెలిసిన కర్ర పెట్టండి, మేము అడుగు అడుగుకు ఎర్ర రంగు వేసిన వెదురు వాడతాం. ఉత్తరం ఎటో నోట్‌బుక్‌లో రాయండి. గీతలు కనిపించాలని సుద్దముక్కతో గీయొద్దు, నూనె పూయొద్దు. మేము మొదటిసారి నీళ్ళు చల్లి పాచి గీకేశాం, ఆ మచ్చ ఇంకా పోలేదు, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది. దొర్లిన రాయిని లేపి నిలబెట్టొద్దు, అది పడి ఉన్న తీరు కూడా చరిత్రే. జానంపేట లాంటి రక్షిత చోట స్టాండు పెట్టి తీయాలంటే పురావస్తు శాఖను ముందే అడగాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాం. దాచుకోకుండా చెబుతాం. గుట్ట వెనక ఎవరూ ఎరగని నాలుగు సమాధుల ఫోటోలు, ఊరి పేరుతో, దారితో సహా బయట పెట్టాం. లైకులు బాగా వచ్చాయి. మూడు నెలల తర్వాత పోతే ఒకదాని కప్పురాయి పక్కకు జరిపి ఉంది, లోపల నడుం లోతు గొయ్యి, తొట్టి రెండు ముక్కలు. నిమ్మకాయలు, పసుపు. గుప్తనిధుల వేటగాళ్ళు. లోపల బంగారం ఉండదు, ఉండేది ఎముకలు, నల్ల కుండల పెంకులు, తుప్పు పట్టిన ఇనుప ముక్క. అది వాళ్ళకు ఎవరు చెబుతారు? మా ఫోటో చూసే వచ్చారని రుజువు లేదు. రాలేదని మేము అనుకోలేకపోతున్నాం. అప్పటి నుంచి ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తీస్తున్నాం. చోటు వివరాలు ఒక నోట్‌బుక్‌లో, గ్రామసభ దగ్గర ఒక నకలు, అంతే. ఈ పోస్టులో కూడా అందరికీ తెలిసిన ఊళ్ళ పేర్లే రాశాం, గమనించండి. కామెంట్లలో మీ ఊరి గుట్ట పేరు రాయకండి, దయచేసి.

ఇప్పటికి మా దగ్గర పదకొండు గూడేల రాళ్ళ ఫోటోలు ఉన్నాయి. పేర్లు దొరికినవి సగానికి తక్కువే. మొదటి రోజు తిట్టిన తాత దగ్గరికి పోయిన సంక్రాంతికి ప్రింటు తీసుకుని పోయాం, ఆయన వాళ్ళ నాయన రాయిది. కళ్ళు సరిగా కనపడవు, వెలుగులోకి పట్టుకుని చూశాడు. "మబ్బుల్లో తీసిన్రు, మా అయ్య ఎండల మనిషి, మళ్ళ తీయున్రి" అన్నాడు. మాఘంలో మళ్ళీ పోతున్నాం. పేర్లు రాసుకోవడానికి చేతిరాత బాగున్నవాళ్ళు ఇద్దరు కావాలి. రాగలిగినవాళ్ళు చెప్పండి. బండి పెట్రోలు మాది, సద్ది మీది.